చెప్పని పాఠం: నన్నయ, పోతన, గురజాడ రచనలలో గురువుకు ఎదురైన పరీక్ష

మంచి గురువు లక్షణాలేమిటన్న ప్రశ్నకు మన దగ్గర సిద్ధంగా ఉన్న సమాధానాలు చాలావరకు స్తోత్రాల నుంచి, సుభాషితాల నుంచి వచ్చినవి. గురువు అజ్ఞానాన్ని పోగొట్టేవాడు, దైవసమానుడు, శిష్యవత్సలుడు, ప్రతిఫలం కోరనివాడు. ఇవి గురువు ఎలా ఉండాలో చెప్పే మాటలు. ఉపాధ్యాయ దినోత్సవ సభలలో వీటికి ఏనాడూ లోటు రాలేదు. కావ్యాలు మాత్రం గురువు ఎలా ఉన్నాడో చూపిస్తాయి. అలా చూపించడంలో మన కవులు స్తోత్రకర్తలంత ఉదారులు కారు.

ఇక్కడ పరిశీలనకు తీసుకున్న ఘట్టాలలో ఇంకొక విశేషం ఉంది. వీటిలో పాఠం చెప్పే దృశ్యాలు చాలా తక్కువ. ద్రోణుడు కురుకుమారులకు ఏ రోజు ఏది నేర్పాడో నన్నయ వివరించడు. ప్రహ్లాదుడు చండామార్కుల దగ్గర చదువుకున్న రోజులను పోతన త్వరగా దాటేస్తాడు. ఇద్దరూ నిలిచి, నిదానించి రాసింది పరీక్షా ఘట్టాలను. పరీక్ష పేరుకు శిష్యుడిది. ఘట్టం ముగిసేసరికి మనకు బాగా తెలిసివచ్చేది గురువు. అందులోనూ శిష్యుడు తాను నేర్చిన పాఠం కాక, గురువు చెప్పని పాఠం ఒప్పజెప్పినప్పుడు గురువు ఏం చేస్తాడన్నది ఈ వ్యాసానికి విషయం. పాండిత్యం, వాగ్ధాటి, ఓర్పు, శిష్యుడి మీద వాత్సల్యం - ఇవన్నీ ఈ కవులు విఫలులైన గురువులకు కూడా ఇచ్చారు. కనుక మంచి గురువును వేరుచేసే గుణాన్ని వీటిలో వెదకడం వల్ల ప్రయోజనం లేదని నా అభిప్రాయం.

చండామార్కుల భయం

ఆంధ్ర మహాభాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుడు కొడుకును దగ్గరకు తీసుకుని, చదివినవాటిలో నీకు ఏది బాగున్నదని అడుగుతాడు. తండ్రులందరూ అడిగే ప్రశ్నే ఇది. ప్రహ్లాదుడి సమాధానం హరిభక్తి. ఆ క్షణంలో పరీక్ష కొడుకు నుంచి గురువులకు మారుతుంది. రాజు మొదట పరుల దుర్బోధను శంకిస్తాడు. పిల్లవాడిని మరింత జాగ్రత్తగా చూడమని గురువుల వెంట పంపిస్తాడు. ఇంటికి తీసుకువెళ్ళిన గురువులు ముందు బుజ్జగించి అడుగుతారు: ఈ బుద్ధి నీకు నీ అంతట నీకే పుట్టిందా, ఎవరైనా నేర్పారా అని. ఇంతవరకు వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇంకా చెప్పాలంటే ఇది మంచి ప్రశ్న. శిష్యుడి మాట ఎక్కడి నుంచి పుట్టిందో తెలుసుకోవాలన్న కుతూహలం గురువుకు ఉండదగినదే. ప్రహ్లాదుడు దానికి చక్కని సమాధానమే ఇస్తాడు. అయస్కాంతం సన్నిధిలో ఇనుము కదిలినట్లు తన చిత్తం హరి వైపు కదులుతున్నదని అంటాడు. ప్రశ్న అడిగినవారు ఆ సమాధానాన్ని వినరు. వెంటనే బెత్తం తెమ్మంటారు; చందనవనంలో ముళ్ళచెట్టు పుట్టిందని తిడతారు. అంటే వారు అడిగినది తెలుసుకోవడానికి కాదు, రాజుకు చెప్పుకోవడానికి ఒక పేరు దొరుకుతుందేమోనని.

రెండవసారి రాజసభలో జరిగే పరీక్షలో పోతన రచనా నైపుణ్యం మరింత సూక్ష్మంగా కనిపిస్తుంది. గురువులు తనను చదివించారనీ, ధర్మార్థశాస్త్రాలు తాను చదివాననీ ప్రహ్లాదుడు తండ్రితో ఒప్పుకుంటాడు. చదువుల సారమంతా చదివానని కూడా అంటాడు. గురువుల శ్రమను అతడు ఒక్కసారి కూడా తక్కువ చేయలేదు. రాజు ఆగ్రహించగానే గురువులు ఇచ్చిన సంజాయిషీ దీనికి సరిగ్గా వ్యతిరేకం: ఇది మేము చెప్పినది కాదు, ఇతరులెవరూ చెప్పినదీ కాదు, వీడికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. శిష్యుడు గురువును తనవాడంటున్నాడు. గురువు శిష్యుణ్ణి తనవాడు కాదంటున్నాడు. భక్తిరస ప్రధానంగా మాత్రమే ఈ ఘట్టాన్ని చదివే సంప్రదాయంలో ఈ చిన్న వ్యత్యాసం కంటికి ఆనదు.

అయితే చండామార్కులను హాస్యపాత్రలుగా కొట్టివేయడం న్యాయం కాదు. వారు రాజుగారి కొలువులో పాఠం చెప్పేవారు. తరగతిలో ఏం జరిగినా జవాబుదారీ వారిదే. రాజు కోపం ఎంతవరకు పోతుందో వారికి తెలుసు. కొడుకును చంపించే ప్రయత్నాలన్నీ విఫలమై రాజు చింతలో ఉన్నప్పుడు, పిల్లవాడు కదా, వయసు వస్తే బుద్ధి వస్తుంది, మా తండ్రి శుక్రాచార్యులు వచ్చేవరకు ఆగమని వారే సలహా ఇస్తారు. ఇందులో ధైర్యం పాలు కొద్దిగా, జాప్యం చేసే లౌక్యం పాలు ఎక్కువగా ఉన్నాయి. అయినా ఆ కొద్దిపాటి గడువు వల్లనే ప్రహ్లాదుడికి మళ్ళీ బడి దొరికింది. గురువులు ఇంటిపనుల మీద వెళ్ళిన వేళల్లో తోటి పిల్లలను కూర్చోబెట్టి అతడు పాఠం చెప్పింది అక్కడే. ఉద్యోగంలో ఉన్న ఏ ఉపాధ్యాయుడైనా చండామార్కుల స్థితిని చూసి పూర్తిగా నవ్వలేడు.

ఆ పాఠం వింటున్న రాక్షసబాలురు వేసిన ప్రశ్న చదువరులు గమనించదగినది. మన అందరికీ గురువులు ఒకరే కదా, నీకు ఇవి ఎలా తెలిశాయి అని వారు అడుగుతారు. తల్లి గర్భంలో ఉండగా నారదుడు ఆమెకు చేసిన బోధ తాను విన్నానని ప్రహ్లాదుడు చెప్తాడు. కాలక్రమంలో తల్లి మరచిపోయింది, అతడు మరచిపోలేదు. ఎదుట కూర్చున్న శ్రోతకు నిలవని పాఠం, లెక్కలో లేని శ్రోతకు నిలిచింది. పేరు పట్టికలో లేని శిష్యుడు మన కావ్యాలలో ఇతడొక్కడే కాడు.

ద్రోణుడి దక్షిణ

ఆదిపర్వంలోని ఏకలవ్యుడి కథ మీద ఆధునిక కాలంలో వచ్చినంత చర్చ ఏ గురుశిష్యుల కథ మీదా రాలేదు. కులం పేరుతో విద్యను నిరాకరించిన మొదటి బడిగా ద్రోణుడి ఆశ్రమాన్ని చూపించిన కవులు, విమర్శకులు చెప్పినది సత్యమే. దాన్ని తిరిగి చెప్పడం ఇక్కడ అనవసరం. గురువు స్వభావానికి సంబంధించి ఆ ఘట్టంలో మరొక మెలిక ఉంది. దాని మీద దృష్టి నిలుపుతాను.

ద్రోణుడి బోధన మొదటి రోజునే ఒక అప్పుతో మొదలైంది. పేదరికంతో బాల్యమిత్రుడైన ద్రుపదుడి దగ్గరకు వెళ్ళి, నీకూ నాకూ స్నేహమేమిటని అవమానం పొంది వచ్చినవాడు అతడు. శిష్యులను చేర్చుకున్నప్పుడే, విద్య ముగిశాక తన కోరిక తీర్చగలవాడెవడని అడుగుతాడు. తక్కినవారు మాట్లాడరు; అర్జునుడు ఒప్పుకుంటాడు. అప్పటి నుంచి ఆ గురువుకు ఒక శిష్యుడు శిష్యుడు మాత్రమే కాడు, భవిష్యత్తులో తీరవలసిన పగకు సాధనం. అతణ్ణి మించిన విలుకాడు ఉండడని ఇచ్చిన మాట ఆ బంధం నుంచి పుట్టినదే. హోదా చాలదని గెంటివేయబడినవాడే నిషాదుడన్న కారణంతో మరొకణ్ణి గెంటివేయడంలోని వైపరీత్యాన్ని నన్నయ ఎత్తిచూపడు. రెండు ఘట్టాలనూ ఒకే పర్వంలో ఉంచి ఊరుకుంటాడు.

అడవిలో కుక్క నోట ఏడు బాణాలు నాటిన నేర్పు ద్రోణుడు చెప్పనిది. మట్టితో గురువు రూపు చేసుకుని, దాని ముందు సాధన చేసి ఏకలవ్యుడు సంపాదించినది. అర్జునుడు ఏకాంతంలో ఫిర్యాదు చేస్తాడు. ద్రోణుడు అతణ్ణి వెంటబెట్టుకుని వెళ్తాడు. ఆ క్షణంలో ద్రోణుడికి రెండు దారులున్నాయి. నేను నీకు గురువును కానని అనవచ్చు. అది నిజం కూడా. అప్పుడు దక్షిణ అడిగే హక్కు పోతుంది. లేదా శిష్యుడిగా అంగీకరించవచ్చు. ద్రోణుడు అంగీకరిస్తాడు. దక్షిణ అడగడమంటే అంగీకరించడమే కదా. ఏకలవ్యుడు జీవితమంతా ఎదురుచూసిన ఆ అంగీకారం, నేర్చిన విద్యను నిర్మూలించడానికి అవసరమైనంతసేపు మాత్రమే లభించింది. చండామార్కులు తాము చెప్పని పాఠాన్ని మాది కాదని తప్పుకున్నారు. ద్రోణుడు తాను చెప్పని పాఠాన్ని నాదేనని చేతిలోకి తీసుకుని విరిచాడు. ఈ రెండింటిలో మొదటిది భయం, రెండవదానిని భయమనలేం.

ద్రోణుడు అసమర్థుడైన గురువు అని దీని అర్థం కాదు. చెట్టు మీది పిట్టను చూపించి, నీకేం కనబడుతున్నదని అడిగిన పరీక్ష విలువిద్యకు సంబంధించి ఎంతో పదునైనది. పిట్ట తల తప్ప మరేమీ కనబడటం లేదన్న అర్జునుడు నెగ్గుతాడు. పిట్టా, చెట్టూ, మీరూ, తమ్ముళ్ళూ అందరూ కనబడుతున్నారన్న ధర్మరాజు ఓడిపోతాడు. ధర్మరాజు సమాధానం బాణం వేయడానికి పనికిరాదు, నిజమే. అయితే రాజ్యం చేయవలసినవాడికి చెట్టూ, గురువూ, తమ్ముళ్ళూ కనబడకపోతే ఎలా? ఆ జవాబులో ఒక శిష్యుడి భవిష్యత్తంతా ఉంది. ద్రోణుడి దగ్గర ఉన్న కొలత ఒక్కటే కనుక అది అతడికి తప్పుగా మాత్రమే వినిపించింది. మన మౌఖిక పరీక్షలలో ఇటువంటి ధర్మరాజులు ఏటా కొందరు తప్పుతూ ఉంటారు.

శుక్రుడు, బలి

అష్టమ స్కంధంలో వామనుడిని మొదట గుర్తుపట్టినవాడు శుక్రాచార్యుడు. వచ్చినవాడు విష్ణువని, దానం ఇస్తే సర్వస్వం పోతుందని శిష్యుడికి చెప్తాడు. శాస్త్రం చూపిస్తాడు, మాట తప్పినా దోషం లేని సందర్భాలను లెక్కగట్టి చెప్తాడు. అతడి జ్ఞానంలో లోపం లేదు, హెచ్చరికలో స్వార్థమూ లేదు. బలి అంతా విని, మాట తిరగనని అంటాడు. శుక్రుడు శపిస్తాడు. గురువు చెప్పిన సమాచారం సరైనదని ఒప్పుకుంటూనే శిష్యుడు దాని నుంచి వేరొక నిర్ణయానికి రావచ్చునన్నది ఆ గురువుకు అందని విషయం.

సప్తమాష్టమ స్కంధాలను కలిపి చదివితే ఒక వరస స్పష్టమవుతుంది. చండామార్కులు శుక్రుడి కొడుకులు. బలి ప్రహ్లాదుడి మనుమడు. ఒక వంశం గురువులు మరొక వంశం శిష్యుల ముందు రెండుసార్లు నిలబడ్డారు. మా తండ్రి వచ్చేవరకు ఆగమని కొడుకులు రాజుకు చెప్పిన మాట ఈ వరసలో వింతగా ధ్వనిస్తుంది. తండ్రి వచ్చి ఉంటే మాత్రం ఏం చేసేవాడు?

గిరీశం సహనం

1897లో మొదట అచ్చై, 1909లో చాలావరకు తిరగరాయబడిన కన్యాశుల్కంలో గిరీశం ఈ గురువులందరికీ విలోమం. అతడి శిష్యుడు చెప్పని పాఠం ఏదీ నేర్వడు, చెప్పినదే నేరుస్తాడు. అది చుట్ట కాల్చడం. ఆ సంగతి వెంకటేశం మొదటి అంకంలోనే గురువు మొహం మీద అనగలుగుతాడు. విశేషమేమిటంటే గిరీశానికి వచ్చే కోపం మాటల్లోనే ఆగిపోతుంది. తనతో సంభాషణే పెద్ద చదువని బుకాయిస్తాడు, అంతే. శిష్యుడి విమర్శను మాటలతోనే దాటవేసి ఊరుకున్న గురువు ఈ వ్యాసంలో ఇతడొక్కడే. సహనాన్ని మంచి గురువు లక్షణాల జాబితాలో మొదట రాసేవారు ఈ దృశ్యాన్ని మళ్ళీ చదవాలి. పోగొట్టుకునేది ఏమీ లేనివాడి సహనం ఇది.

కృష్ణరాయపురం అగ్రహారంలో జరిగే ఇంగ్లీషు పరీక్ష రాజసభలో ప్రహ్లాదుడి పరీక్షకు దాదాపు ప్రహసన రూపం. ఇంటివారికి ఇంగ్లీషు రాదు; గురుశిష్యులు ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని వారి ముచ్చట. ఇద్దరూ బాలగేయాల ముక్కలూ, వాచకాల ముక్కలూ అప్పజెప్పి సంభాషణగా చలామణీ చేస్తారు. విన్నవారు తృప్తిపడతారు. హిరణ్యకశిపుడికి కొడుకు చెప్పిన సమాధానం అర్థమైంది, అందుకే కోపం వచ్చింది. ఇక్కడ ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అందుకే ఎవరికీ కోపం రాలేదు. పరీక్ష చేసేవాడికీ, చేయించుకునేవాడికీ, చదివించేవాడికీ ముగ్గురికీ ఫలితం చాలినప్పుడు చదువు ఉందా లేదా అని అడిగేవాడు మిగలడు. ఉత్తీర్ణత శాతాన్ని బట్టి ఉపాధ్యాయుణ్ణి కొలిచే ఈనాటి పద్ధతికి గురజాడ నూరేళ్ళకు పైగా ముందే ఒక దృశ్యం రాసి ఉంచాడనిపిస్తుంది. గిరీశానికి ఆ కొలతలో నూటికి నూరు వస్తాయి.

ఇక్కడ సాహిత్యం వెలుపలికి ఒక్క అడుగు వేయక తప్పదు. విజయనగరంలో గురజాడకు సహాధ్యాయి అయిన గిడుగు రామమూర్తి అదే కాలంలో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. ఆ చుట్టుపక్కల కొండల్లోని సవరలు మాట్లాడే భాష ఆయనకు ఏ గురువూ చెప్పనిది, ఏ పుస్తకంలోనూ లేనిది. ఆయన దాన్ని ఆ మాట్లాడేవారి దగ్గరే నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు తయారుచేశారు. సవర భాషను గురించిన ఆయన గ్రంథం 1931లో మద్రాసులో వెలువడింది. తెలుగులో వ్యావహారిక భాషకోసం ఆయన చేసిన వాదమంతా పండితులతో జరిగిన తగవుగానే మనకు గుర్తు. దానికి మూలం బడిలో ఉంది. పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న భాషను తప్పుగా కాక భాషగా వినడం ఆ వాదానికి పునాది. మన్యపు జ్వరానికి వాడిన క్వినైను వల్ల ఆయనకు వినికిడి తగ్గిందంటారు.

కచుడి విద్య

మళ్ళీ శుక్రుడి దగ్గరకే రావాలి. భాగవతంలోని శుక్రుడూ, ఆదిపర్వంలోని శుక్రుడూ వేర్వేరు కవుల చేతిలో రూపుదిద్దుకున్నవారు కనుక ఇద్దరినీ ఒకే మనస్తత్వం గల వ్యక్తిగా చూడటం పొరపాటు. కానీ గురువు పదవి ఒక్కటే. అసురుల గురువు తన పక్షానికి నష్టం తెచ్చే శిష్యుడితో ఎలా ప్రవర్తించాడన్న ప్రశ్నా ఒక్కటే. బలి దగ్గర శపించిన ఆ గురుస్థానం కచుడి దగ్గర మరొక విధంగా నడుచుకుంది.

కచుడు దేవతల పనిమీద వచ్చినవాడు, బృహస్పతి కొడుకు. ఆ సంగతి దాచలేదు. శుక్రుడు తెలిసే చేర్చుకున్నాడు. అసురులు అతణ్ణి చంపితే కూతురు దేవయాని కోరిక మీద సంజీవనితో బతికించాడు. చివరకు వారు కచుణ్ణి కాల్చి, ఆ బూడిదను మద్యంలో కలిపి గురువు చేతనే తాగించారు. శిష్యుడు తన కడుపులోనే ఉన్నాడని తెలిసినప్పుడు శుక్రుడికి మిగిలిన దారి ఒక్కటే. కడుపులో ఉన్నవాడిని బతికించి, అక్కడే అతడికి సంజీవని నేర్పాలి. శిష్యుడు గురువు శరీరాన్ని చీల్చుకుని బయటకు రావాలి. వచ్చాక, నేర్చిన విద్య సరిగా వచ్చి ఉంటే, గురువును బతికించాలి. ఇంత కఠినమైన పరీక్ష మరే కావ్యంలోనూ నాకు కనబడలేదు. ఇక్కడ శిష్యుడు తప్పితే పోయేది గురువు ప్రాణం. నెగ్గితే పోయేది గురువు పక్షానికి ఉన్న ఏకైక ఆధిక్యం, ఎందుకంటే ఆ విద్య ఇక శత్రువుల ఇంటికి వెళ్తుంది.

శుక్రుడు దీన్ని ఉదాత్తమైన ఆశయంతో చేశాడని చెప్పలేం. కూతురి కన్నీళ్ళు ఉన్నాయి, తనను మోసగించిన అసురుల మీద కోపం ఉంది. నన్నయ ఆ కారణాలను కప్పిపుచ్చడు. అందువల్లనే ఈ ఘట్టం స్తోత్రంగా మారలేదు. అయితే కారణాలు ఏవైనా, చేసిన పని మిగిలిన గురువులు చేయలేనిది. పాఠంలో సగం దాచుకోలేదు. ఈ విద్యతో ఏం చేస్తావని ముందే మాట తీసుకోలేదు. బతికి లేచాక అతడు చేసిన మొదటి పని మద్యపానాన్ని నిషేధిస్తూ కట్టుబాటు చేయడం. ఆ రోజు జరిగినదానిలో తన పాలు ఎంతో గురువే గుర్తించి, దాన్ని శిష్యుడి ఎదుటే పదిమందికీ నియమంగా ప్రకటించాడు.

కథ అక్కడితో ఆగదు. దేవలోకానికి బయలుదేరిన కచుడిని దేవయాని పెళ్ళాడమంటుంది. గురుపుత్రిక సోదరి వంటిదని అతడు నిరాకరిస్తాడు. నేర్చిన సంజీవని నీకు పనిచేయకుండుగాక అని ఆమె శపిస్తుంది. ఇన్నేళ్ళ సేవ, ఇన్ని చావులు, గురువు కడుపు చీల్చుకుని తెచ్చుకున్న విద్య ఒక్క మాటతో నిష్ఫలమైంది. కచుడు శాపాన్ని కాదనడు. తనకు పనిచేయకపోయినా తాను నేర్పినవాడికి పనిచేస్తుందని మాత్రం చెప్పి, దేవతలకు పాఠం చెప్పడానికి వెళ్ళిపోతాడు.